మోకాళ్ల గురించి చెప్పాక దూరం తగ్గింది: దూకే పిల్ల ధ్యాస ఎక్కడ ఉండాలి?

లంకబడి పీఈటీ (రాజోలు వైపు) అడిగిన ప్రశ్న

నమస్కారం. కోనసీమలో ఒక లంక గ్రామపు ఉన్నత పాఠశాలలో నేను వ్యాయామ ఉపాధ్యాయినిని. మాకున్నవి ఒక వాలీబాల్ కోర్టు, వానాకాలంలో చెరువును తలపించే ఒక మైదానం, గోదావరి ఇసుక తెచ్చి నింపుకున్న ఒక లాంగ్‌జంప్ గుంట. ఆ గుంట దగ్గర జరిగిన ఒక సంగతి కొన్ని నెలలుగా నన్ను తొలుస్తూ ఉన్నందువల్ల ఇక్కడ అడుగుతున్నాను.

8వ తరగతిలో ఒక అమ్మాయి ఉంది. పంటబోదెలు దాటుకుంటూ బడికి వచ్చే పిల్ల కావడం వల్లనో ఏమో, ఎవరూ నేర్పకుండానే బాగా దూకేది. మండల స్థాయి పోటీలకు రెండు వారాల ముందు, ఇంత సత్తా ఉన్న పిల్లకు పద్ధతి కూడా తోడైతే ఇంకా బాగుంటుందన్న ఆశతో నేను రోజూ సాయంత్రం కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. చివరి అడుగు ముందు మోకాలు కాస్త వంచమన్నాను, తొడను నడుము ఎత్తుకు లేపమన్నాను, చేతులు పైకి విసరమన్నాను, గాలిలో కడుపు బిగించి కాళ్లు ముందుకు చాచమన్నాను. వీటిలో ఏ ఒక్కటీ నా సొంత కల్పన కాదు. శిక్షణలో మాకు నేర్పినవే.

వారం తిరిగేసరికి ఆమె దూకే దూరం జానెడు తగ్గింది. అంతకుముందు గాలిలా వచ్చే పిల్ల, కాలు మోపి ఎగరాల్సిన బోర్డు దగ్గరికి రాగానే చిన్న చిన్న అడుగులు వేస్తూ, తన కాళ్లను తానే కొత్తగా చూస్తున్నట్టు తడబడేది. పోటీలో రెండుసార్లు బోర్డు దాటి కాలు పెట్టి ఫౌళ్లు చేసి, మూడోసారి ఒక మామూలు దూకు దూకి వచ్చేసింది. ఆ తర్వాత ఒక సాయంత్రం పిల్లలు తమలో తాము పందెం వేసుకుని, గుంట పక్కన ఒక హవాయి చెప్పు పెట్టి, "దీన్ని దాటితే రేపు ఐస్‌ నీకే" అన్నారు. ఆ అమ్మాయి అవలీలగా దాటేసింది. నేను టేపు తెచ్చి కొలిచాను. నా శిక్షణ మొదలుకాక ముందు దూకినదానికన్నా అది ఎక్కువ.

నా చదువు చేయలేని పని ఆ చెప్పు ఎలా చేసింది? నేను చెప్పిన విషయం తప్పా, చెప్పిన తీరు తప్పా? ఒంటి గురించి మాట్లాడకూడదంటే తప్పును దిద్దడం ఎలా? అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే మా పిల్లలకు మేలు చేసినవారవుతారు.

కాకినాడ చలనశాస్త్రం

మేడమ్ గారూ, వ్యాయామ విద్య చదువుకునేవారికి చలన అభ్యసనం, అంటే మనిషి కదలికలు ఎలా నేర్చుకుంటాడన్నది, బోధించడం నా వృత్తి కనుక కాస్త పొడుగ్గానే రాస్తాను, మన్నించండి.

మీరు చెప్పిన విషయంలో తప్పు లేదు. ఆ మాటలు పిల్ల ధ్యాసను ఎక్కడికి తీసుకుపోయాయన్నదే చూడవలసిన సంగతి. ఆడేవారు తమ ఒంటి భాగాల కదలిక మీద మనసు నిలిపితే దాన్ని లోపలి ధ్యాస అనీ, ఆ కదలిక వల్ల బయట జరిగే పని మీద, అంటే బంతి మీద, రాకెట్ మీద, బోర్డు మీద, అవతలి గుర్తు మీద నిలిపితే దాన్ని బయటి ధ్యాస అనీ మా శాస్త్రంలో విడదీస్తాం. మోకాలు, తొడ, చేతులు, కడుపు: మీ సూచనలన్నీ మొదటి రకానివి. ఆ హవాయి చెప్పు రెండో రకానిది.

ఈ భేదాన్ని పరీక్షకు పెట్టినవారిలో ముందుగా చెప్పుకోవలసిన వ్యక్తి గాబ్రియేలె వుల్ఫ్. తెరచాప కట్టిన పలక మీద నిలబడి నీటిపై సాగే ఆట నేర్చుకునేటప్పుడు, పాదాల ఒత్తిడి గురించి ఆలోచిస్తే పడిపోతున్నాననీ, పలక వాలు గురించి ఆలోచిస్తే సాఫీగా మలుపు తిరుగుతున్నాననీ ఆవిడ గమనించారు. ఆ గమనింపు నుంచి పుట్టిన ప్రయోగం 1998లో అచ్చయింది. మంచు మీద జారే ఆటను పోలిన ఒక యంత్రం మీద కొందరిని నిలబెట్టి, ఒక జట్టుకు బయటి వైపు పాదంతో బలం పెట్టమనీ, మరో జట్టుకు బయటి వైపు చక్రాల మీద బలం పెట్టమనీ చెప్పారు. ఆ చక్రాలు ఉన్నది సరిగ్గా పాదాల కిందనే. అయినప్పటికీ రెండు రోజుల సాధన తర్వాత, మూడో రోజున ఏ సూచనా ఇవ్వకుండా పరీక్షించినప్పుడు చక్రాల జట్టే మెరుగ్గా చేసింది. మాటలో తేడా ఒక బెత్తెడు. ఫలితంలో తేడా మాత్రం అంతటితో ఆగలేదు.

ఎందుకిలా జరుగుతుందన్నదానికి 2001లో వుల్ఫ్, ఆమె సహచరులు ఒక వివరణ ఇచ్చారు. తనంతట తాను సాగిపోయే కదలికను మనసు పట్టి నడిపించబోతే ఆ కదలిక బిగుసుకుపోతుంది. ఊగే పలక మీద నిలదొక్కుకునే ప్రయోగంలో, బయటి ధ్యాస పెట్టినవారు మధ్యలో వినిపించే శబ్దానికి వేగంగా స్పందించారు, అంటే తూకం నిలుపుకోవడానికి వారి మనసుకు తక్కువ శ్రమ పట్టింది. వారి సర్దుబాట్లు కూడా చిన్నవిగా, త్వరత్వరగా ఉన్నాయి. కండరాల్లో విద్యుత్తును కొలిచిన ప్రయోగాలూ ఇదే దారిలో ఉన్నాయి. 2005లో అచ్చయిన బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో అధ్యయనంలో మణికట్టు మీద ధ్యాస పెట్టినప్పటికన్నా రింగు మీద పెట్టినప్పుడు గురి బాగా కుదిరింది, చేతి కండరాలు మాత్రం తక్కువ కష్టపడ్డాయి. కాలి వేలి మీద ధ్యాస పెట్టి మెట్లు దిగి చూడండి, రోజూ దిగే మెట్లే కొత్తగా అనిపిస్తాయి. మీ అమ్మాయి బోర్డు ముందు వేసిన చిన్న అడుగులు అవే.

దూకడం గురించే అడిగారు కనుక ఒక లెక్క కూడా చెబుతాను. 2010లో పోర్టర్, అతని సహచరులు 120 మంది విద్యార్థులతో నిలబడిన చోటి నుంచి దూకించారు. మోకాళ్లను వీలైనంత వేగంగా చాచడం మీద ధ్యాస పెట్టమన్నవారు సగటున సుమారు 177 సెంటీమీటర్లు దూకగా, గీత నుంచి వీలైనంత దూరం పోవడం మీద ధ్యాస పెట్టమన్నవారు సుమారు 187 సెంటీమీటర్లు దూకారు. వారు కళాశాల వయసువారు, పరిగెత్తి దూకినవారు కూడా కాదు. కాబట్టి ఆ పది సెంటీమీటర్లను యథాతథంగా మీ గుంట దగ్గరికి తెచ్చుకోకూడదు.

ఇక దిద్దడం ఎలాగన్నది. ఒంటి గురించిన సమాచారాన్ని వదిలేయనక్కరలేదు, దాన్ని బయటి వస్తువులోకి మార్చి చెప్పాలి. చివరి అడుగు ముందు నడుము కాస్త దిగాలి కదా? మోకాలి మాట ఎత్తకుండా, పొట్టి పరుగుతో సాధన చేసేటప్పుడు చివరి రెండు అడుగులకు సున్నంతో గుర్తులు వేయండి: మొదటి ఎడం కాస్త ఎక్కువ, రెండోది కాస్త తక్కువ. పిల్ల గుర్తులు తొక్కుకుంటూ వస్తే నడుము దానంతట అదే దిగుతుంది. పైకి లేవడం చాలకపోతే ఒక కర్రకు మావిడాకు కట్టి గుంట మొదట్లో వేలాడదీసి, దాన్ని అందుకొమ్మనండి. బోర్డు మీద బలం చాలకపోతే "కాలు చాచు" అనే బదులు "బోర్డును వెనక్కి తన్నేయ్" అనండి. అవతలి గుర్తుగా చెప్పు బాగానే ఉంటుంది కానీ గుంట లోపల మాత్రం పెట్టకండి, పక్కనే పెట్టండి.

మన ప్రాంతం వారికి సులువుగా తెలిసే పోలిక ఇంకొకటి ఉంది. బోదె మీద వేసిన తాటి దుంగ దాటేటప్పుడు పెద్దవాళ్లు "కాళ్లకేసి చూడకురా, అవతలి గట్టుకేసి చూడు" అంటారు. 2003లో మెక్‌నెవిన్, షే, వుల్ఫ్ తూకపు పలక మీద చేసిన ప్రయోగం దాదాపు ఇదే చెప్పింది: ధ్యాస పెట్టిన గుర్తు పాదాలకు మరీ దగ్గరగా ఉన్నప్పటికన్నా కాస్త దూరంగా ఉన్నప్పుడు నిలకడ మెరుగైంది.

అమలాపురం షటిల్ కోచ్

పై జవాబు చాలావరకు ఒప్పుకోదగినదే. అయితే పిల్లలకు నేర్పే చోట అది అన్ని వేళలా పనిచేస్తుందంటే నేను ఒప్పుకోలేను.

మా ఊరి షటిల్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించాక, నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది "మావాడికి ఆ మణికట్టు నేర్పండి మాస్టారూ" అని అడగడం మొదలుపెట్టారు. మణికట్టు అన్న మాట చెవిన పడిన పిల్లవాడు ఏం చేస్తాడో చూడాలి. షటిల్ పైనుంచి దిగుతూ ఉంటే వాడు తన చేతినే చూసుకుంటాడు. నిజానికి ఆ వేగంలో భుజం నుంచి పైచెయ్యి, దానితో ముంజేయి లోపలికి తిరగడానిదే పెద్ద వాటా. నేను ఆ మాట కూడా చెప్పను. రాకెట్ ముఖం చివరికి ఎటు చూడాలో చెబుతాను, కార్కు మీద "టప్" మన్న గట్టి చప్పుడు వినిపించాలంటాను. చప్పుడు మెత్తగా వస్తే వాడికే తెలిసిపోతుంది, నేను నోరు విప్పనక్కరలేదు. ఇంతవరకు కాకినాడ వారితో నాకు పేచీ లేదు.

కానీ మొదటిసారి రాకెట్ పట్టుకున్న ఎనిమిదేళ్ల పిల్ల సంగతి వేరు. బొటనవేలు ఎక్కడ ఉండాలో, చూపుడువేలు ఎంత ఎడంగా ఉండాలో వేళ్లు పట్టుకుని చూపించకపోతే, ఆ పిల్ల అట్లకాడ పట్టుకున్నట్టే పట్టుకుంటుంది. తప్పు పట్టు అలవాటైతే తర్వాత రెండేళ్లు దాన్ని మాన్పించడానికే సరిపోతుంది. పరిశోధనల్లోనూ దీనికి ఆధారం ఉంది. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో డార్ట్ అనే చిన్న బాణపు ముల్లును గురిపెట్టి విసరడం నేర్పితే, కొత్త దూరం నుంచి విసరమన్నప్పుడు పెద్దవారికి బయటి ధ్యాస, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకు లోపలి ధ్యాస అనుకూలించాయి. అలాగే 2002లో బైలాక్, ఆమె సహచరులు ఫుట్‌బాల్ ఆటగాళ్లచేత గుర్తుల మధ్యనుంచి బంతిని నడిపించి చూశారు. పాదంలో ఏ వైపు బంతికి తగులుతోందో గమనించమంటే ఆరితేరినవారు కుడికాలితో నెమ్మదించారు. కొత్తవారికి అదే గమనింపు సాయపడింది, ఆరితేరినవారికి కూడా అలవాటు లేని ఎడమకాలి విషయంలో సాయపడింది. ఒకే మనిషి, రెండు కాళ్లు, రెండు ఫలితాలు! నాకు దీనికన్నా మంచి ఉదాహరణ ఇంతవరకు తగల్లేదు.

కాబట్టి మేడమ్ గారూ, మీ అమ్మాయి కొత్త కాదు, బోదెలు దూకి దూకి ఆమె కాళ్లకు ఆ పని వచ్చేసింది. మీరు ఆమె కుడికాలికి ఎడమకాలి పాఠం చెప్పారు. అదే మాటలు దూకడమే రాని పిల్లకు చెప్పి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదని నా అభిప్రాయం.

పాత స్మాషర్ (భీమవరం)

శాస్త్రం నాకు తెలియదు కానీ ఒక్క సంగతి చెబుతాను. నేను స్కూలు జట్టులో వాలీబాల్ ఆడే రోజుల్లో, ఒక ఫైనల్లో 14–13 దగ్గర సర్వీసు నాకు వచ్చింది. అంతకుముందు ఆ మ్యాచ్‌లో ఒక్క సర్వీసు కూడా నెట్టుకు కొట్టలేదు. సరిగ్గా అప్పుడు మా మాస్టారు గీత బయటనుంచి "ఒరేయ్, మోచెయ్యి! మోచెయ్యి చూసుకో!" అని కేకేశారు. మోచెయ్యి చూసుకున్నాను. బంతి నెట్టు కింద బద్దకు తగిలింది. ఇప్పటికీ ఊళ్లో ఆయన కనిపిస్తే కాళ్లకు దండం పెడతాను, కానీ నా మోచెయ్యి మాత్రం ఆయన్ను క్షమించలేదు.

కాకినాడ చలనశాస్త్రం

ముందు భీమవరం వారికి: మీ మోచెయ్యి ఒంటరిది కాదు. ఒత్తిడి పెరిగినప్పుడు మనిషి తనంతట తానే ఒంటి మీదికి ధ్యాస మళ్లించుకుంటాడు, పైనుంచి ఎవరైనా కేకేస్తే ఇక చెప్పనక్కరలేదు. 1992లో మాస్టర్స్ అనే పరిశోధకుడు గోల్ఫ్ బంతిని గుంటలోకి నెట్టడం ఒక జట్టుకు సూత్రాలు చెప్పి నేర్పించి, మరో జట్టు మనసును వేరే పనిలో పెట్టి సూత్రాలు తెలియకుండానే నేర్చుకునేలా చేశాడు. ఒత్తిడి పెట్టినప్పుడు సూత్రాలు తెలిసినవారే తడబడ్డారు. పోటీ రోజున పిల్లలకు కొత్త సూచన ఏదీ ఇవ్వకూడదని నేను పట్టుబట్టేది అందుకే.

అమలాపురం మాస్టారి అభ్యంతరం బలమైనది. వేళ్లు పట్టుకుని చూపించడాన్ని నేను కూడా వద్దనను. అయితే రెండు సంగతులు కలిపి చూడమంటాను. మొదటిది, ఆ ఫుట్‌బాల్ ప్రయోగంలో పాదం మీది గమనింపును పోల్చింది బయటి ధ్యాసతో కాదు, ఆటతో సంబంధం లేని మాటలు వింటూ ఆడటంతో. అంటే కొత్తవారికి పరధ్యానం పనికిరాదని అది చెప్పింది కానీ, గుర్తుల మీదో బంతి మీదో ధ్యాస పెడితే ఏమయ్యేదో చెప్పలేదు. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం మా విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. రెండోది, పిల్లల మీదే చేసిన ప్రయోగాల్లో బయటి ధ్యాస నెగ్గినవీ ఉన్నాయి. 2010లో పది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఫుట్‌బాల్ త్రో ఇన్ (గీత బయటనుంచి బంతిని చేతులతో లోపలికి విసరడం) నేర్పుతూ, ప్రతి విసురు తర్వాత బయటి ధ్యాస కలిగించే మాటలతో తప్పు చెప్పినప్పుడు వారు బాగా నేర్చుకున్నారు. 2015లో సగటున పన్నెండేళ్ల వయసున్న జిమ్నాస్టు పిల్లలను పైకి ఎగిరి అరచుట్టు తిరగమన్నారు. రొమ్ము మీద పెట్టుకున్న చేతులు చివరికి ఎటు చూస్తున్నాయో గమనించమన్నప్పటికన్నా, రొమ్ము మీద అంటించిన టేపు గుర్తు ఎటు చూస్తోందో గమనించమన్నప్పుడు వారు ఎక్కువ ఎత్తు ఎగిరారు, కదలిక తీరు కూడా బాగుంది. చేతులూ టేపూ దాదాపు ఒకే చోట ఉన్నాయన్నది గమనించండి.

ఇంత రాసి ఒక చేదు నిజం రాయకపోతే అది మోసమే అవుతుంది. 2021లో ఈ ప్రయోగాలన్నిటినీ గుదిగుచ్చి చూసిన ఒక పెద్ద సమీక్ష, వయసుతోనూ అనుభవంతోనూ నిమిత్తం లేకుండా బయటి ధ్యాసదే పైచేయి అని తేల్చింది. 2024లో అదే పత్రికలో వచ్చిన మరో సమీక్ష దాన్ని ప్రశ్నించింది. అనుకూల ఫలితాలు అచ్చవుతూ ప్రతికూల ఫలితాలు అరల్లో ఉండిపోవడం వల్ల ఈ ప్రభావం పెద్దదిగా కనిపిస్తోందనీ, ఆ వంకరను సరిచేస్తే మిగిలేది చాలా తక్కువనీ దాని వాదన. నా మటుకు నాకు ఆ రెండో సమీక్ష చదివాక పాఠం చెప్పే గొంతు కాస్త తగ్గింది. బయటి ధ్యాసను మంత్రంగా అమ్ముకునేవారు ఎదురైతే జాగ్రత్తపడండి. అయితే ఖర్చు లేని పని కనుక, ఎవరి గుంట దగ్గర వారు పరీక్షించుకోవచ్చు.

పరీక్ష ఇలా చేయండి. ఒక్కొక్క పిల్లచేత రెండు రకాల సూచనలతోనూ అయిదేసి సార్లు దూకించండి. సగం మందికి ముందు ఒంటి సూచన, సగం మందికి ముందు బయటి సూచన ఇవ్వండి, లేకపోతే అలసట ఒక పక్షానికే అంటుకుంటుంది. దూకుకీ దూకుకీ మధ్య రెండు నిమిషాలు ఆగండి. ఏ సూచన మంచిదని మీరు అనుకుంటున్నారో పిల్లలకు తెలియనివ్వకండి, పిల్లలు మాస్టారి ముఖం చూసి దూకుతారు. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండు రోజుల తర్వాత ఏ సూచనా లేకుండా మళ్లీ కొలవండి. ఆ రోజు నిలిచినదే నేర్చుకున్నది, మిగతాది ఆ పూట ఊపు.

అమలాపురం షటిల్ కోచ్

ఆ పరధ్యానం సంగతి నేను గమనించని మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. వేళ్ల దగ్గర మాత్రం రాజీ లేదు. ఒకసారి చూపించి, మళ్లీ ఆ మాట ఎత్తకుండా ఆటలో పడేయడం నా పద్ధతి. ఆ అమ్మాయి ఫౌళ్ల గురించి ఎవరూ ఏమీ అనలేదే?

లంకబడి పీఈటీ (రాజోలు వైపు)

అందరికీ ధన్యవాదాలు. మూడు వారాలు ఆగి రాస్తున్నాను.

కాకినాడ వారు చెప్పినట్టు పదకొండు మంది పిల్లలతో చేశాను. కర్రకు మావిడాకు కట్టాను, గుంట పక్కన ఎర్ర గుడ్డ పరిచాను. మా పిల్లల లెక్కలతో శాస్త్రం తేలదని తెలుసు కనుక అంకెలు రాయడం లేదు. ఎక్కువ మందికి గుడ్డ పనిచేసింది. ఇద్దరికి ఏ తేడా లేదు. దూకడం బొత్తిగా రాని ఆరో తరగతి అబ్బాయి ఒకడు మాత్రం గుడ్డ చూసి నేరుగా బోర్లా పడ్డాడు. వాడికి అమలాపురం మాస్టారి పద్ధతిలో, దిగేటప్పుడు కాళ్లు ఎలా ముడవాలో పట్టుకుని చూపించాను, తర్వాత గుడ్డ దగ్గరికి పంపాను. ఇప్పుడు కూర్చున్నట్టు దిగుతున్నాడు.

ఆ అమ్మాయి తన పాత దూరాన్ని దాటింది. "ఏం చూసి దూకావమ్మా?" అని అడిగితే, "గుడ్డకేసి కాదండి, గుంట అవతల కొబ్బరి చెట్టు మొదలుకేసి చూశానండి" అంది. ఆ చెట్టు నేను పెట్టిన గుర్తు కాదు. తనకు తానే ఎంచుకుంది.

ఫౌళ్ల సంగతి నిజంగానే తెగలేదు. చెట్టుకేసి చూస్తూ వస్తున్నందువల్ల ఇప్పుడు అడుగులు కుదించడం లేదు, దాంతో బోర్డు దాటి నాలుగు వేళ్ల మేర కాలు ముందుకు పడుతోంది. బోర్డు చూసుకోమంటే మళ్లీ పాత కథే మొదలవుతుందన్న భయంతో ఆమెకు ఏమీ చెప్పకుండా, పరుగు మొదలుపెట్టే గుర్తును మాత్రం నాలుగు వేళ్ల మేర వెనక్కి జరిపాను. రెండు రోజులు సరిగ్గా కుదిరింది. మూడో రోజు నుంచి వాన పట్టుకుంది, గుంటలో మోకాలి లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. నీరు తీశాక మళ్లీ కొలిచి రాస్తాను.